సిప్రో 1 వస్తే ఆర్, ఇంకో మందు 32 వచ్చినా ఎస్... ఇదేం లెక్క?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్కచోటే తిరుగుతున్నాయి. ఏ బ్యాక్టీరియా మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో ల్యాబ్ వాళ్లు ఎలా తేలుస్తారు, ఇన్ని పద్ధతులున్నాయి కదా దేన్ని ఎంతవరకు నమ్మాలి అని. పేషెంట్ల ఇంటివాళ్లు రాశారు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు రాశారు, ఒక డాక్టరుగారైతే కాస్త కోపంగానే రాశారు. సరే, మిగతా విషయాలు పక్కనపెట్టి ఈసారికి దీన్నే పట్టుకుందాం.

ప్రశ్న: అమ్మకి యూరిన్ కల్చర్ చేయిస్తే ఈ.కోలి వచ్చింది. రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా 1 అని వేసి ఆర్ అన్నారు, నైట్రోఫ్యురాంటోయిన్ ఎదురుగా 32 అని వేసి ఎస్ అన్నారు. నంబర్ తక్కువుంటే మందు బాగా పనిచేస్తున్నట్టే కదండీ? టైప్ చేసేటప్పుడు తారుమారు చేశారేమోనని డౌటు.

జవాబు: తారుమారు కాలేదండి, రిపోర్టు కరెక్టే. మీరే కాదు, చాలామంది ఆ కాలమ్‌లో అన్నిటికంటే చిన్న నంబర్ ఏదుందో చూసి అదే స్ట్రాంగ్ మందు అనుకుంటారు.

రిపోర్టులో ఎస్ అంటే ఆ బ్యాక్టీరియా మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు (రెసిస్టెంట్). పక్కనున్న నంబర్ పేరు ఎంఐసీ. అంటే ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి మిల్లీలీటరుకి కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు కావాలి అన్నది. ఈ.కోలిని ఆపడానికి సిప్రో 1 కావాల్సి వచ్చింది, నైట్రోఫ్యురాంటోయిన్ 32 కావాల్సి వచ్చింది, అంతవరకే దాని అర్థం. ఆ మందు మనిషి ఒంట్లోకి వెళ్లాక ఇన్ఫెక్షన్ ఉన్నచోట అంత మోతాదుకి చేరుతుందా లేదా అన్నది ఇంకో లెక్క, ఆ లెక్క చూసే ప్రతి మందుకీ ప్రతి బ్యాక్టీరియాకీ విడివిడిగా ఒక గీత గీస్తారు, దాన్నే బ్రేక్‌పాయింట్ అంటారు. అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ పట్టిక ప్రకారం ఈ.కోలికి సిప్రో గీత 0.25 దగ్గరుంది, అంతవరకు ఎస్, 1 అయినా దాటినా ఆర్. నైట్రోఫ్యురాంటోయిన్ గీత 32 దగ్గరుంది, ఎందుకంటే ఆ మందు రక్తంలో పెద్దగా నిలవదు, గబగబా మూత్రంలోకి వచ్చేసి అక్కడ బాగా పోగవుతుంది. అందుకే 32 అయినా మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి పనికొస్తుంది. అదే బ్యాక్టీరియా రక్తంలోకో కిడ్నీలోకో ఎక్కితే మాత్రం ఆ ఎస్‌ని చూసి ఈ మందు వాడరు.

కాబట్టి ఒక మందు ఎంఐసీని ఇంకో మందు ఎంఐసీతో పోల్చడమంటే కిలోలని కిలోమీటర్లతో పోల్చడమే. పక్కనున్న అక్షరం చూడండి, ఏ మందు ఎంచుకోవాలన్నది డాక్టరుగారికి వదిలేయండి.

ప్రశ్న: మేడమ్, నేను మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నా. డిస్క్ పద్ధతి పాతబడిపోయింది, ఆటోమేటెడ్ మెషీన్ ఇచ్చేదే అసలు రిజల్ట్ అని మా సీనియర్లు అంటారు. గోల్డ్ స్టాండర్డ్ ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. మీరైనా తేల్చండి.

జవాబు: వైవాలో అడిగితే బ్రాత్ మైక్రోడైల్యూషన్ (బ్రాత్ అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవం) అని చెప్పండి, ఐఎస్ఓ 20776-1 స్టాండర్డ్‌లో రిఫరెన్స్‌గా పెట్టింది దాన్నే. 96 గుంటల ప్లేటు, ఒక్కో గుంటలో మందు సగం సగం చేసుకుంటూ 8, 4, 2, 1, 0.5 అలా కిందికి, అన్నిట్లోనూ మిల్లీలీటరుకి దాదాపు 5 లక్షల బ్యాక్టీరియా ఉండేలా వేసి, మర్నాడు ఏ గుంట దాకా తేటగా ఉందో చూడటం. కొత్త మెషీన్ వచ్చినా కొత్త స్ట్రిప్ వచ్చినా దీంతోనే పోల్చి పాస్ చేస్తారు.

కానీ రిఫరెన్స్ అన్నంత మాత్రాన అది దేవుడిచ్చిన నంబరేం కాదు. ఒకే బ్యాక్టీరియాని ఇవాళ చేస్తే 2 రావచ్చు, రేపు 4 రావచ్చు, మొన్న 1 వచ్చి ఉండొచ్చు, ఒక గుంట అటూ ఇటూ అవడం ఆ పద్ధతి సహజగుణం కింద లెక్క, తప్పు కింద కాదు. ఇది తెలియక 1 నుంచి 2 అయ్యిందని రెసిస్టెన్స్ పెరుగుతోందని కంగారుపడేవాళ్లున్నారు.

ఇక డిస్క్. అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియా పూసి, మందు పట్టించిన కాగితం బిళ్లలు పెట్టి, మర్నాడు బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి జాగా, అంటే జోన్, ఎంతుందో కొలవడం. బావర్, కిర్బీ, షెర్రిస్, టర్క్ నలుగురూ కలిసి 1966లో దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు, అంతకుముందు ఎవరికి తోచిన అగార్ వాళ్లు, ఎవరికి తోచిన డిస్క్ వాళ్లు వాడేవాళ్లు. పాతదే, ఒప్పుకుంటా, అయినా మీ సీనియర్ల చిన్నచూపు నాకు నచ్చదు. ఒకసారి ప్లేటుని తిరగేసి నల్లటి గుడ్డ మీద పట్టుకుని లైటు పక్కనుంచి పడేలా చూడండి. లాన్, అంటే పెరిగిన బ్యాక్టీరియా పొర, సమానంగా పరుచుకుందా, మధ్యలో రెండో రకం కాలనీ ఏమైనా దూరిందా, జోన్ అంచు పదునుగా తెగిందా మసగ్గా ఉందా, జోన్ లోపల అక్కడొకటి ఇక్కడొకటి సూదిమొనంత కాలనీలు లేచాయా, ఇవన్నీ కంటికి కనిపిస్తాయి. ఆ సూదిమొన కాలనీలు కల్తీ కాదని తేలితే జోన్ బయట ఎంత పెద్దగా ఉన్నా లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ గుంపులో కొన్ని అప్పటికే మందుని తట్టుకుంటున్నాయి. క్లావులనిక్ యాసిడ్ ఉన్న డిస్క్ పక్కన సెఫొటాక్సిమ్ డిస్క్ పెడితే మధ్యలో జోన్ ఉబ్బి తాళం కన్నంలా సాగుతుంది చూడండి, అది ఈఎస్‌బీఎల్ (సెఫొటాక్సిమ్ లాంటి మందుల్ని విరిచేసే ఎంజైమ్) గుర్తు. మెషీన్‌లో పెట్టే చిన్న గుంటల కార్డు మూసేసి ఉంటుంది, అందులో మెషీన్‌కి తెలిసేది గుంట ఎంత మసకబారిందన్నదే, రెండు రకాల బ్యాక్టీరియా కలిసిపోయి ఉన్నా దానికి తెలియదు. అందుకే మెషీన్ పెట్టినప్పుడు కూడా మిగిలిన సస్పెన్షన్‌ని (బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని) ఒక ప్లేటు మీద గీసి కల్తీ లేదని చూసుకోమంటారు, ఆ స్టెప్పు ఎగ్గొట్టే ల్యాబులో మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఒకటే.

మెషీన్ని తీసిపారేయట్లేదు. రోజుకి వందల శాంపిళ్లు వచ్చేచోట అది లేకుండా కుదరదు, చాలా బ్యాక్టీరియాకి అదేరోజు రిజల్ట్ ఇస్తుంది, మనిషికో రకంగా కొలిచే గొడవ ఉండదు. దాని ఇబ్బంది ఎక్కడంటే, కార్డులో ప్రతి మందుకీ కొన్ని మోతాదులే ఉంటాయి, మిగతాది పెరుగుదల తీరు చూసి లెక్కగట్టి చెప్తుంది. రిపోర్టులో కనబడే ≤ ≥ గుర్తులు అక్కడివే, తన దగ్గరున్న రేంజ్‌కి బయట ఏముందో దానికి తెలియదు. నెమ్మదిగా బయటపడే రెసిస్టెన్స్ అంటే దానికి కష్టం, ఉదాహరణకి ఆక్సా-48 అనే ఎంజైమ్ ఉన్న క్లెబ్సియెల్లా కొన్ని మెరోపెనెమ్‌కి ఎస్ అన్నట్టే కనిపిస్తాయి. జిగురుగా పెరిగే స్ట్రెయిన్లతోనూ తంటానే.

అగార్ డైల్యూషన్‌ని, అంటే మందుని అగార్‌లోనే కలిపి చూసే పద్ధతిని, మర్చిపోకండి, ఎవరూ ఇష్టంగా చేయరు గానీ గనోరియా బ్యాక్టీరియాకీ, గాలి తగిలితే చచ్చే వాటికీ, ఫాస్ఫోమైసిన్‌కీ చివరికి దాని దగ్గరికే వెళ్లాలి. ఫాస్ఫోమైసిన్‌కి అగార్‌లో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కలపడం మర్చిపోతే మాత్రం మందు లోపలికి సరిగ్గా వెళ్లక అంతా రెసిస్టెంట్‌లాగే కనబడుతుంది.

పద్ధతుల్ని పోల్చేటప్పుడు ఎంత శాతం కలిసింది అన్న ఒక్క నంబరే చూసి ఆగిపోవద్దు. ఆర్ అయినదాన్ని ఎస్ అని చెప్తే అది వెరీ మేజర్ ఎర్రర్, ఎస్‌ని ఆర్ అంటే మేజర్. మొదటిదాంట్లో పేషెంటుకి పనిచేయని మందు పడుతుంది, రెండోదాంట్లో పనిచేసే మందు ఒకటి చేజారుతుంది, రెండూ సమానం కాదు. ఇంకో మెలిక, మీరు తీసుకున్న వంద స్ట్రెయిన్లలో రెసిస్టెంట్‌వి నాలుగే ఉంటే 98 శాతం కలిసింది అన్న మాటకి విలువలేదు, ఆ తప్పిన రెండూ ఆ నాలుగులోవే కావచ్చు. థీసిస్ రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, గైడ్ అడగకపోయినా ఎగ్జామినర్ అడుగుతారు.

ప్రశ్న: గ్రేడియంట్ స్ట్రిప్ మీద 0.19 దగ్గర కోసుకుంది. రిపోర్టులో 0.25 అని రాయమంటున్నారు. కనబడింది రాయకుండా పెంచి రాయడం ఏంటి?

జవాబు: ప్లేటు మీద పెట్టే ఆ స్ట్రిప్ మీద మందు ఒక చివరనుంచి ఇంకో చివరకి ఏకధాటిగా తగ్గుకుంటూ పోతుంది, జోన్ అంచు స్ట్రిప్‌ని తాకినచోటి నంబరే ఎంఐసీ, అందుకే గీతలు రెట్టింపు లెక్కల మధ్యలో కూడా వేశారు. కానీ బ్రేక్‌పాయింట్లు పెట్టింది 0.125, 0.25, 0.5 అనే మెట్ల మీద. మధ్యలో పడిన విలువని ఎప్పుడూ పై మెట్టుకే చేర్చాలి, కిందికి కాదు. 0.125 లో పెరిగింది, 0.25 అయితే పెరిగేది కాదు, గుంటల ప్లేటులో చేసినా మీకు వచ్చేది 0.25 యే.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్ని. క్వాలిటీ కంట్రోల్ కోసం వాడే, రిజల్ట్ ముందే తెలిసిన ఈ.కోలి 25922కి జెంటామైసిన్ జోన్ 19 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య రావాలి, మాకు ఈమధ్య 17, 18 వస్తోంది. కొత్త డిస్క్‌లు తెప్పించినా అంతే. ఏం చూడాలి?

జవాబు: ముందు ఒకటి చెప్పండి, జెంటామైసిన్ ఒక్కటే తగ్గిందా, అన్ని మందులూ తగ్గాయా? మీ ఉత్తరంలో అది లేదు, జవాబంతా దాని మీదే ఉంది.

అన్నీ తగ్గితే ఇనాక్యులం (ప్లేటు మీద పూసే బ్యాక్టీరియా) చిక్కగా వేస్తున్నారు లేదా అగార్ మందంగా పోస్తున్నారు. సస్పెన్షన్ మసక 0.5 మెక్‌ఫార్లాండ్ ఉండాలి, అంటే మిల్లీలీటరుకి 10 నుంచి 20 కోట్ల బ్యాక్టీరియా దాకా, కంటితో పోల్చేవాళ్లు అలవాటయ్యాక స్టాండర్డ్ ట్యూబ్‌ని చూడ్డమే మానేస్తారు. పైగా ఆ స్టాండర్డ్ ట్యూబ్ కూడా పాతబడితే గడ్డలు కడుతుంది, గట్టిగా ఊపి చూడండి. స్వాబ్‌ని ట్యూబ్ గోడకి నొక్కి పిండకుండా వేసినా ఇదే గతి. అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, పోసే టేబుల్ వంగి ఉంటే ప్లేటు ఒకవైపు 5, ఒకవైపు 3 అవుతుంది, ఒకే డిస్క్ ఒకే ప్లేటులో రెండు చోట్ల రెండు జోన్లు ఇస్తుంది. చల్లారిన ప్లేటుని మధ్యకి కోసి స్కేలు పెట్టి కొలవండి, చాలామంది ఎప్పుడూ కొలవని కొలత అది.

జెంటామైసిన్ ఒక్కటే తగ్గితే నాకు మొదట అనుమానం పీహెచ్ మీద. ముల్లర్-హింటన్ (ఈ టెస్టుకి వాడే అగార్) పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్యే ఉండాలి, కిందికి జారితే అమైనోగ్లైకోసైడ్లు (జెంటామైసిన్ జాతి మందులు) నీరసపడతాయి, ఎరిత్రోమైసిన్ కూడా తగ్గుతుంది, టెట్రాసైక్లిన్ జోన్ మాత్రం పెరుగుతుంది. ఆ మూడూ కలిపి చూస్తే ప్లేటే చెప్పేస్తుంది. ఎరిత్రోకి స్టాఫ్ కంట్రోల్ స్ట్రెయిన్ 25923 చూడండి. ఎవరైనా ఈ ప్లేట్లని కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెడుతున్నారేమో కూడా కనుక్కోండి, జాగా లేక పెట్టేస్తుంటారు, అక్కడ అగార్ పైపొర పుల్లబడి ఇదే రిజల్ట్ వస్తుంది. పీహెచ్ బాగుంటే అప్పుడు కాల్షియం, మెగ్నీషియం. అవి ఎక్కువైన బ్యాచ్‌లో జెంటామైసిన్ జోన్ తగ్గుతుంది, ఈ.కోలి కంటే సూడోమోనాస్ 27853 లో ఇంకా బాగా బయటపడుతుంది. ఇంకో లాట్ పౌడర్‌తో పక్కపక్కనే పెట్టి చూస్తే తేలిపోతుంది.

బీటా-లాక్టమ్‌లు (పెన్సిలిన్ జాతి మందులు) మాత్రమే తగ్గుతుంటే కథ వేరు, అప్పుడే డిస్క్‌లని తప్పుపట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్‌ని రూమ్ టెంపరేచర్‌కి రాకముందే తెరిస్తే లోపల తేమ పట్టేస్తుంది, ఇమిపెనెమ్, క్లావులనేట్ లాంటివి దాంతో ముందుగా పోతాయి.

టైము సంగతి కూడా చూసుకోండి. సస్పెన్షన్ చేసిన 15 నిమిషాల్లో ప్లేటు మీద పూయాలి, పూసిన 15 నిమిషాల్లో డిస్క్‌లు పెట్టాలి, పెట్టిన 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాలి. ప్లేటు వేసి టీకి వెళ్లొచ్చి డిస్క్‌లు పెడితే అప్పటికే బ్యాక్టీరియా పని మొదలుపెట్టేసి ఉంటుంది, జోన్లు చిన్నవవుతాయి. కంట్రోల్ సరయ్యేదాకా పేషెంట్ల జెంటామైసిన్ రిజల్టులు బయటికి పంపకండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

ప్రశ్న: ఐసీయూలో పేషెంటుకి కొలిస్టిన్ తప్ప దారిలేని పరిస్థితి. కొలిస్టిన్ డిస్క్ వేసి చెప్పమంటే మా ల్యాబ్ చెయ్యనంటోంది. డిస్క్‌లు మార్కెట్లో దొరుకుతున్నాయి కదా, ఏళ్లపాటు వేసి రిపోర్టు ఇచ్చింది వాళ్లే కదా? — ఒక ఫిజీషియన్

జవాబు: మీ కోపం అర్థమైంది డాక్టరుగారూ, కానీ ఈ విషయంలో నేను ల్యాబ్ పక్కనే నిలబడతాను.

కొలిస్టిన్ పెద్ద మాలిక్యూల్, పైగా పాజిటివ్ చార్జ్ ఉన్నది. డిస్క్ నుంచి అగార్‌లోకి సరిగ్గా పాకదు. సిప్రోకైతే ఎస్‌కి ఆర్‌కి జోన్లో బోలెడంత తేడా ఉంటుంది, కొలిస్టిన్‌కి ఒకట్రెండు మిల్లీమీటర్లే, అంటే టెక్నీషియన్ స్కేలు కాస్త అటు జరిపితే రిజల్ట్ మారిపోతుంది. అలా మారేది ఎక్కువగా ఏ వైపుకో తెలుసా, ఆర్‌ని ఎస్ అనే వైపుకి. గ్రేడియంట్ స్ట్రిప్‌కి కూడా అదే జబ్బు. 2015 చివర్లో చైనా నుంచి ఎంసీఆర్-1 అనే జీన్ సంగతి బయటికొచ్చింది, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటే కొలిస్టిన్ రెసిస్టెన్స్ అది, దాంతో ఈ టెస్టు మీద అందరి కళ్లూ పడ్డాయి. 2016లో సీఎల్ఎస్ఐ, యూరప్ సంస్థ యూకాస్ట్ రెండూ కలిసి డిస్క్ వద్దు, స్ట్రిప్ వద్దు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ ఒక్కటే చేయండి అని చెప్పేశాయి. అది కూడా కొలిస్టిన్ సల్ఫేట్‌తోనే, పేషెంటుకి ఎక్కించే మీథేన్‌సల్ఫొనేట్‌తో కాదు, ఎందుకంటే అది ఒంట్లోకి వెళ్లి విడిపోయాకే పనిచేసే రూపం. ఈ మందుకి ప్లాస్టిక్‌కి అతుక్కునే గుణం కూడా ఉంది.

ఇక మీ చేతిలోని డిస్క్‌లు పూర్తిగా వృథా ఏమీ కాదు. తర్వాత సీఎల్ఎస్ఐ ఒక దారి ఒప్పుకుంది. నాలుగు గాజు ట్యూబుల్లో పదేసి మిల్లీలీటర్ల బ్రాత్ తీసుకుని, మొదటిదాంట్లో ఏమీ వేయకుండా, మిగతావాటిలో 10 మైక్రోగ్రాముల డిస్క్‌లు ఒకటి, రెండు, నాలుగు వేస్తారు. అరగంటలో డిస్క్‌లోని మందు బ్రాత్‌లోకి దిగిపోతే 0, 1, 2, 4 మోతాదులు తయారు. అందులో బ్యాక్టీరియా వేసి మర్నాడు ఏది మసకబారిందో చూడటమే. క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటివాటికీ సూడోమోనాస్‌కీ ఇది చెల్లుతుంది, అసినెటోబాక్టర్‌కి కాదు. మీ ల్యాబ్‌ని ఇది చేయగలరా అని అడగండి, చాలావరకు కాదనరు.

ఒక్కమాట, దాంట్లో 2 లోపు వచ్చినా సీఎల్ఎస్ఐ పాటించే ల్యాబ్ మీకు ఎస్ అని రాయదు, ఐ (ఎస్‌కీ ఆర్‌కీ మధ్యరకం) అనే రాస్తుంది. 2020లో కొలిస్టిన్‌కి ఎస్ అనే గడినే తీసేశారు, రక్తంలో ఆ మందు చేరే మోతాదు అంతంతమాత్రం, కిడ్నీకి దెబ్బ తగలకుండా పెంచడమూ కష్టం కాబట్టి. ఆ ఐ చూసి మళ్లీ ల్యాబ్ మీద కోప్పడకండి.

ప్రశ్న: మా అబ్బాయికి చీము కల్చర్‌లో స్టాఫ్ వచ్చింది. పొద్దున క్లిండామైసిన్ ఎస్ అని ఫోన్‌లో చెప్పారు, తర్వాతిరోజు అది ఆర్ అని రిపోర్టు మార్చి పంపారు. ల్యాబ్ తప్పు చేసినట్టేనా?

జవాబు: నాకైతే వాళ్లు శ్రద్ధగా చేశారనిపిస్తోంది. కొన్ని స్టాఫ్‌లలో ఎర్మ్ అనే జీన్ ఉంటుంది, మామూలప్పుడు అది నిద్రపోతుంది, క్లిండామైసిన్ ఒక్కటే పెడితే లేవదు, జోన్ చక్కగా గుండ్రంగా వచ్చి ఎస్ అనిపిస్తుంది. పక్కన ఎరిత్రోమైసిన్ ఉంటే లేస్తుంది. అందుకని ఈ రెండు డిస్క్‌లనీ 15 నుంచి 26 మిల్లీమీటర్ల దూరంలో పెడతారు, క్లిండామైసిన్ జోన్ ఎరిత్రో వైపు అంచు చదునుగా నొక్కుకుపోయి ఇంగ్లీషు డి అక్షరంలా కనబడితే ఆర్ అని రాయాలి. దీన్ని డి-టెస్ట్ అంటారు. మొదటిరోజు ఫోన్‌లో చెప్పింది ఈ టెస్టు కాకముందు మాట అయ్యుంటుంది. అబ్బాయికి ఈలోపు క్లిండామైసిన్ మొదలుపెట్టి ఉంటే మారిన రిపోర్టు డాక్టరుగారికి చూపించారా లేదా అన్నదే ఇప్పుడు ముఖ్యం.

ప్రశ్న: ఒకే పేషెంటు, సూడోమోనాస్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్. ఒక ల్యాబ్ ఎస్ అంది, ఇంకో ల్యాబ్ ఐ అంది. రెండింట్లోనూ ఎంఐసీ 8 అనే ఉంది! నంబర్ ఒకటే అయితే అక్షరం ఎలా మారుతుంది?

జవాబు: నంబర్ ఒకటే అని గమనించారు చూడండి, సగం జవాబు మీరే పట్టుకున్నారు. ఒక ల్యాబ్ సీఎల్ఎస్ఐ పట్టిక చూసింది, అందులో ఈ జంటకి 16 దాకా ఎస్. రెండో ల్యాబ్ యూరప్ వాళ్ల యూకాస్ట్ పట్టిక చూసింది. అక్కడ సూడోమోనాస్‌కి ఈ మందు గీతని కావాలనే ఎక్కడో 0.001 దగ్గర పెట్టారు, అంత తక్కువ ఎంఐసీ దేనికీ రాదు కాబట్టి మామూలు సూడోమోనాస్ కూడా ఐ లోనే పడుతుంది. 2019 నుంచి యూకాస్ట్‌లో ఐ అంటే మధ్యరకం అనో డౌటు అనో కాదు, మోతాదు పెంచి ఇస్తే పనిచేస్తుంది అని. సూడోమోనాస్‌కి ఈ మందు ఎప్పుడైనా ఎక్కువ మోతాదులోనే ఇవ్వాలని డాక్టరుకి గుర్తుచేయడానికే అలా పెట్టారు. ఆ ఐ చూసి మందు మానేసి మెరోపెనెమ్‌కి ఎగబాకేవాళ్లు ఉన్నారు, పాపం ఆ అక్షరం పెట్టినవాళ్ల ఉద్దేశం అది కానే కాదు.

ఇవే కాదు, కొన్నిసార్లు నంబరే వేరుగా వస్తుంది. అమోక్సిసిలిన్-క్లావులనేట్‌ని సీఎల్ఎస్ఐ రెండూ 2:1 పాళ్లలో కలిపి తగ్గించుకుంటూ పోతుంది, యూకాస్ట్ క్లావులనేట్‌ని ఎప్పుడూ 2 దగ్గరే ఉంచి అమోక్సిసిలిన్‌నే మారుస్తుంది. డిస్క్‌లూ వేరే, సెఫొటాక్సిమ్ డిస్క్ ఒకరిది 30 మైక్రోగ్రాములు, ఇంకొకరిది 5. ఒకరి డిస్క్ వేసి ఇంకొకరి పట్టికలో చూస్తే వచ్చేదానికి అర్థమే లేదు, అయినా జరుగుతుంటుంది. రిపోర్టు కింద ఏ పట్టిక, ఏ సంవత్సరం ఎడిషన్ అని రాసి ఉందో చూడండి, లేకపోతే అడగండి. సంవత్సరం ఎందుకంటే గీతలు మారుతుంటాయి, మీరు మొదట్లో చదివిన ఉత్తరంలో సిప్రో 1 ఆర్ అయ్యింది కదా, 2019కి ముందు సీఎల్ఎస్ఐ లెక్కలో అదే 1 ఎస్.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ వాడిని, నాకు ఈ ఫీల్డు తెలియదు. పీసీఆర్‌తో గంటలో జీన్ దొరికిపోతుంటే ఇంకా బ్యాక్టీరియాని రాత్రంతా పెంచి చూడటం ఎందుకు?

జవాబు: మంచి ప్రశ్న, మీరు అనుకున్నట్టే జరిగిపోయిన చోటు కూడా ఒకటుంది. అది టీబీ. టీబీ బ్యాక్టీరియా మరీ నెమ్మది, గట్టి మీడియం మీద పెంచి మందులు చూడాలంటే వారాలు పడుతుంది. ఎక్స్‌పర్ట్ ఎంటీబీ/రిఫ్ అనే టెస్టు కళ్లెని నేరుగా తీసుకుని రెండు గంటల్లోపే టీబీ ఉందా, రిఫాంపిసిన్‌కి లొంగుతుందా అని చెప్పేస్తుంది, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఊకొట్టింది. అక్కడ కుదరడానికి కారణం ఉంది, రిఫాంపిసిన్ రెసిస్టెన్స్‌లో 95 శాతానికి పైగా ఆర్‌పీఓబీ అనే జీన్‌లో 81 అక్షరాల చిన్న ముక్కలోనే ఉంటుంది. ఆ ముక్కని చూస్తే చాలు. ఆ ముక్క బయట పడిన మార్పుని మాత్రం అది చూడలేదు, ఐ491ఎఫ్ అనే మార్పు అలాంటిదే, ఎస్వాతిని దేశంలో అది బాగా కనబడింది. విచిత్రం ఏంటంటే ద్రవంలో పెంచి చూసే ఎంజీఐటీ పద్ధతి కూడా దాన్ని చాలాసార్లు మిస్సవుతుంది. రెండు పద్ధతులూ ఎస్ అన్నాయి కాబట్టి ఎస్సే అనుకోవడానికి కూడా లేదన్నమాట.

మిగతా బ్యాక్టీరియాలో వ్యవహారం ఇంత సూటిగా ఉండదు. సూడోమోనాస్‌కి మెరోపెనెమ్ పనిచేయకపోవడానికి కార్బపెనెమేస్ (మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందుల్ని విరిచేసే ఎంజైమ్) జీనే అక్కర్లేదు. మందు లోపలికొచ్చే తలుపులాంటి ఓపీఆర్‌డీ అనే పోరిన్ పాడైనా చాలు, వచ్చిన మందుని బయటికి తోసేసే పంపులు ఎక్కువైనా చాలు. కార్బపెనెమ్‌ల కోసం చేసే కిట్టు కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఆక్సా-48 అనే ఐదు కుటుంబాలని వెతుకుతుంది, ఐదూ లేవంటుంది, ప్లేటు మీద చూస్తే డిస్క్ చుట్టూ నిండా పెరిగి ఉంటుంది. మీ భాషలో చెప్పాలంటే మీరు వెతకమన్న పదాలనే అది వెతికింది. తలకిందులుగా కూడా జరుగుతుంది, మెక్‌ఏ అనే రెసిస్టెన్స్ జీన్ ఉండి కూడా ఆక్సాసిలిన్‌కి లొంగినట్టు కనబడే స్టాఫ్‌లున్నాయి, అక్కడ మాత్రం జీన్ మాటే వినాలి. స్టాఫ్‌కి సెఫాక్సిటిన్ డిస్క్ వేసేది కూడా అందుకే, ఆ మందు మెక్‌ఏని బాగా రెచ్చగొట్టి బయటికి లాగుతుంది, జోన్ 21 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువుంటే ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్.

కాబట్టి పీసీఆర్ పాజిటివ్ వస్తే అది పెద్ద సమాచారం, వెంటనే మందు మార్చొచ్చు, పేషెంటుని విడిగా ఉంచొచ్చు, పైగా ఎన్‌డీఎం‌యా కేపీసీ‌యా అన్నదాన్ని బట్టి వాడే కొత్త మందు మారుతుంది, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ కేపీసీ మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎం మీద ఆ మందు ఒంటరిగా ఇస్తే పనిచేయదు. నెగెటివ్ వస్తే మాత్రం నాకు పెద్దగా ధైర్యం రాదు, ప్లేటు చూడాల్సిందే. మొత్తం జీనోమ్ చదివినా ఇదే చిక్కు, తెలిసిన మార్పులనే గుర్తుపడుతుంది, ఒక జీన్ ఎంత గట్టిగా పనిచేస్తోందన్నది అక్షరాలు చూసి చెప్పడం ఇంకా కష్టంగానే ఉంది.

ప్రశ్న: సెప్సిస్ పేషెంటుకి బ్లడ్ కల్చర్ పాజిటివ్ అయ్యాక కాలనీ రావడానికి ఒకరోజు, డిస్క్‌లకి ఇంకోరోజు. మా చిన్న ల్యాబులో పీసీఆర్ లేదు, పెద్ద మెషీన్లు లేవు. ఇంతకంటే త్వరగా చెప్పే మార్గమే లేదా?

జవాబు: ఉంది, అదీ మీ దగ్గరున్న డిస్క్‌లతోనే. యూకాస్ట్ 2018లో రాస్ట్ అని ఒక పద్ధతి తెచ్చింది. బాటిల్ పాజిటివ్ అనగానే కాలనీ కోసం ఆగకుండా అందులోంచి 100 నుంచి 150 మైక్రోలీటర్లు నేరుగా ముల్లర్-హింటన్ ప్లేటు మీద పరిచి డిస్క్‌లు పెట్టి 4, 6, 8 గంటలకి చదవడం. పైన మెక్‌ఫార్లాండ్ అని అంత గోల చేసి ఇప్పుడు సస్పెన్షనే లేకుండా వేయమంటుందేంటి అనుకుంటారేమో, పాజిటివ్ బాటిల్లో బ్యాక్టీరియా లెక్క దాదాపు ఒక స్థాయిలోనే ఉంటుంది, ఆ ధైర్యంతోనే బ్రేక్‌పాయింట్లు విడిగా కట్టారు. అందుకే దీనికి మామూలు పట్టిక వాడకూడదు, 4 గంటలకి ఒక గీత, 6 కి ఇంకోటి, 8 కి ఇంకోటి, మీరు ఏ గంటకి చదివితే ఆ గంట గీతే చూడాలి. బ్యాక్టీరియా ఏదో కూడా అప్పటికి తెలిసి ఉండాలి, పట్టిక ఉన్నది ఈ.కోలి, క్లెబ్సియెల్లా న్యుమోనియే, సూడోమోనాస్, స్టాఫ్ ఆరియస్ లాంటి కొన్నిటికే. మాల్డి (బ్యాక్టీరియా ఏదో త్వరగా గుర్తుపట్టే మెషీన్) లేని చోట ఇదే అసలు అడ్డంకి, గ్రామ్ స్టెయిన్ చూసి పట్టిక ఎంచుకోవద్దు. బాటిల్లో రెండు రకాలు పెరిగాయని అనుమానమొస్తే ఈ పద్ధతి వదిలేసి మామూలుగానే చేయండి.

4 గంటలకి అంచు ఇంకా పల్చగా ఉంటుంది, మూత తీసి ప్లేటుని లైటుకి ఏటవాలుగా పట్టి చూడాలి, కనబడకపోతే బలవంతంగా గీత ఊహించి కొలవొద్దు, మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టేసి 6 గంటలకి తీయండి. జోన్ ఎస్‌కీ ఆర్‌కీ మధ్య అనుమానపు పట్టీలో పడినా అంతే, ఆ మందు గడి ఖాళీగా వదిలేసి మిగతావి ఫోన్ చేసి చెప్పేయండి.